పొద్దున్నే వేళ్లు బిగుసుకుంటున్నాయి: ఇది అరుగుదలా, ఇంకో రకం ఆర్థరైటిసా?

లలిత_ఎం
అందరికీ నమస్కారం. నా వయసు 41. కొన్ని నెలలుగా పొద్దున్న లేవగానే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోతున్నాయి. పిడికిలి పట్టలేను, సీసా మూత తిప్పలేను. తొమ్మిది దాటితే గానీ వేళ్లు నా మాట వినవు. వేళ్లు అరచేతిని కలిసే చోట కణుపులు ఉబ్బాయి, ఉంగరం ఎక్కడం లేదు. ఎక్స్‌రే తీస్తే ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగెటివ్. "ఆర్థరైటిస్ కాదులెండి, కాల్షియం వాడండి" అని పంపించేశారు.

మా అమ్మకి చాలా ఏళ్లుగా మోకాళ్ల నొప్పులు. ఆవిడది ఆర్థరైటిస్ అని ఎప్పుడో తేల్చారు. కానీ ఆవిడ బాధకీ నా బాధకీ పోలికే లేదు. ఆవిడకి సాయంత్రానికి ఎక్కువవుతుంది, నాకు పొద్దున్నే ఎక్కువ. ఒకే జబ్బు ఇద్దరిలో ఇంత వేరుగా ఉంటుందా? అసలు ఇందులో ఎన్ని రకాలున్నాయి?

పాత_మోకాలు
లలిత గారూ, నేను మీ అమ్మగారి పార్టీ. వయసు 67, రెండు మోకాళ్లూ ఆస్టియో ఆర్థరైటిస్, అంటే అరుగుదల రకం. కూర్చుని లేస్తే నాలుగడుగులు కుంటుతాను, తర్వాత సర్దుకుంటుంది. ఎక్కువ తిరిగిన రోజు సాయంత్రం మోకాలు కక్ష తీర్చుకుంటుంది. పొద్దున్న బిగుతు నాకూ ఉంది గానీ పళ్లు తోముకునేలోపు పోతుంది. మీలా గంటల తరబడి పట్టేయడం నాకెప్పుడూ లేదు. తేడా అక్కడే ఉందేమో. తెలిసినవాళ్లు చెప్పాలి.

రుమటో_పీజీ
తేడా అక్కడే ఉందండి. (నేను రుమటాలజీలో, అంటే కీళ్ల జబ్బుల విభాగంలో, ట్రైనింగ్‌లో ఉన్నాను. ఇక్కడ ఎవరికీ జబ్బు నిర్ధారించను, దేనికి ఏ డాక్టర్‌ని అడగాలో మాత్రం చెప్తాను.)

ఆర్థరైటిస్ అనేది ఒక జబ్బు పేరు కాదు. కీళ్లను దెబ్బతీసే వందకు పైగా జబ్బుల్ని కలిపి అలా పిలుస్తారు. "మీకు ఆర్థరైటిస్" అని చెప్పి ఊరుకుంటే సగం మాటే చెప్పినట్టు. ఏ రకం అన్నది తేలాలి, ఎందుకంటే ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు.

మేం రోగిని మొదట అడిగేవి చాలా మామూలు ప్రశ్నలు. ఏ కీళ్లు? ఒకటా, చాలానా? రెండు వైపులా సమానంగా ఉందా? కదిలితే నొప్పి పెరుగుతుందా, తగ్గుతుందా? పొద్దున్న బిగుతు ఎంతసేపు? అరుగుదల రకంలో బిగుతు సాధారణంగా అరగంట లోపే వదులుతుంది, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది. రోగనిరోధక వ్యవస్థ కీళ్లపై దాడి చేసే రకాల్లో బిగుతు గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు ఉంటుంది. విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంది, కదిలిస్తే కాస్త నయమనిపిస్తుంది.

మీరు రాసినవి, అంటే రెండు చేతులు, వేళ్ల మొదళ్లలోని కణుపులు, వాపు, ఇంతసేపు బిగుతు, నెలల తరబడి ఉండటం, ఇవన్నీ కలిస్తే, ఆ దాడి రకాల్లో ఒకటైన రుమటాయిడ్ ఆర్థరైటిస్ కాదని రుజువయ్యేదాకా దాన్ని అనుమానించాల్సిందే. రుమటాయిడ్ సాధారణంగా వేళ్ల చివరి కణుపుల్ని వదిలేస్తుంది, మొదటి, మధ్య కణుపుల్నీ మణికట్టునూ పట్టుకుంటుంది. చివరి కణుపుల దగ్గర గట్టి బొడిపెలుంటే అది ఎక్కువగా ఆస్టియో ఆర్థరైటిస్. మీ అమ్మగారి వేళ్లు ఒకసారి చూడండి, ఉన్నా ఉండొచ్చు.

సందేహాల_రావు
టెస్ట్ నెగెటివ్ వచ్చింది కదండీ, ఎక్స్‌రే కూడా క్లీన్. మళ్లీ అనుమానం ఎందుకు? ఊరికే టెన్షన్ పెడుతున్నారు.

రుమటో_పీజీ
రావు గారూ, ఇదే అపోహ చాలామందికి నెలల్ని తినేస్తుంది. రుమటాయిడ్ ఉన్న ప్రతి ఐదుగురిలో కనీసం ఒకరికి ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివే వస్తుంది. అటు నుంచి చూస్తే, ఏ జబ్బూ లేని పెద్దవయసువారిలో, హెపటైటిస్ సి ఉన్నవారిలో పాజిటివ్ రావచ్చు. అంటే ఆ ఒక్క కాగితంతో జబ్బు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. యాంటీ సీసీపీ అనే ఇంకో పరీక్ష ఉంది, అది పాజిటివ్ వస్తే నమ్మకం బాగా పెరుగుతుంది. వాపు ఎంతుందో చెప్పడానికి ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పనికొస్తాయి, కానీ ఏ జబ్బు వల్ల వచ్చిందో అవి చెప్పవు.

ఎక్స్‌రే సంగతి. ఎముక కొరుక్కుపోయాకే అది ఎక్స్‌రేలో కనపడుతుంది. మొదటి నెలల్లో వాచేది ఎముక కాదు, కీలు లోపలి పొర, సైనోవియం. దాన్ని అల్ట్రాసౌండ్‌లో ముందే చూడొచ్చు. 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ఇచ్చిన వర్గీకరణ పద్ధతిలో ఎక్స్‌రే మార్పు తప్పనిసరి కాకపోవడానికి కారణం అదే. ఎముక దెబ్బతినకముందే పట్టుకోవాలన్నది దాని ఉద్దేశం.

బొటనవేలి_బాధితుడు
నాది మూడో రకం, గౌట్. వీళ్లిద్దరిలా నెమ్మదిగా కాదు, నాది దొంగలా అర్ధరాత్రి వచ్చింది. పడుకునేటప్పుడు ఏమీ లేదు. తెల్లారుజామున కాలి బొటనవేలు మొదట్లో నిప్పు పెట్టినట్టు. ఎర్రగా, మెరుస్తూ, దుప్పటి తగిలినా ప్రాణం పోయేది. కొన్నాళ్లకు దానంతట అదే తగ్గింది. తగ్గింది కదా అని వదిలేశాను, మళ్లీ వచ్చింది, ఈసారి చీలమండ.

డాక్టర్ చెప్పినదాని సారాంశం: రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకి దాదాపు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది కరిగి ఉండలేదు, సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకుంటుంది. కాలి వేళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ మరీ సులువు. ఆ సూదుల్ని చూసి శరీరం రెచ్చిపోతే అదే ఎటాక్.

ఇప్పుడు నా కోపం. అందరూ నన్ను తిండిపోతునీ తాగుబోతునీ చేసేశారు. మద్యం, ముఖ్యంగా బీరు, జంతువుల లోపలి అవయవాల మాంసం, చక్కెర పానీయాలు పెంచుతాయి, ఒప్పుకుంటా. కానీ పథ్యం ఎంత గట్టిగా చేసినా యూరిక్ యాసిడ్ ఒక పాయింట్ అటూ ఇటూ తగ్గుతుందంతే. అసలు కారణం చాలామందిలో కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపకపోవడం, అది వంశపారంపర్యంగా వస్తుంది. బీపీకి వాడే కొన్ని మూత్రం మాత్రలు కూడా పెంచుతాయి.

రుమటో_పీజీ
మీ కోపం న్యాయమైనదే. ఇంకో మూడు మాటలు కలుపుతాను. ఒకటి, ఎటాక్ మధ్యలో పరీక్ష చేస్తే యూరిక్ యాసిడ్ నార్మల్‌గా కనపడొచ్చు, తగ్గాక మళ్లీ చేయించాలి. రెండు, పరీక్షలో ఎక్కువ వచ్చినంత మాత్రాన గౌట్ కాదు, చాలామందికి జీవితాంతం ఎక్కువే ఉండి ఒక్క ఎటాకూ రాదు. కీలులోంచి నీరు తీసి మైక్రోస్కోపు కింద స్ఫటికం చూడటమే అసలు రుజువు. మూడు, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ లాంటి మందు మొదలుపెట్టిన కొత్తలో పాత స్ఫటికాలు కరిగేటప్పుడు ఎటాక్‌లు రావచ్చు. "మందు పడలేదు" అని చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపకూడదు, ఆ కొద్ది నెలలకు తోడుగా, ఎటాక్ రాకుండా కాల్చిసిన్ లాంటిది ఇస్తారు. లక్ష్యం యూరిక్ యాసిడ్‌ని 6 లోపు ఉంచడం. అల్లోప్యూరినాల్‌తో ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, అది ప్రమాదం.

పెద్దవయసువారిలో మోకాలో మణికట్టో ఇలాగే హఠాత్తుగా వాస్తే కాల్షియం పైరోఫాస్ఫేట్ స్ఫటికాలు కావచ్చు. దాన్ని సూడోగౌట్ అంటారు. అక్కడ యూరిక్ యాసిడ్ మందులు పనిచేయవు.

పాత_మోకాలు
నా ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పండి బాబూ. ఒకరేమో "గుజ్జు అరిగిపోయింది, నడక తగ్గించండి" అంటారు, ఇంకొకరు నడవమంటారు. అరిగిందాన్ని ఇంకా అరగదీయడం ఏమిటో!

ఫిజియో_రమ
నడవండి సార్. మోకాలిని టైరుతో పోల్చడం వల్లే ఈ గొడవంతా. టైరు తిరిగేకొద్దీ అరుగుతుంది, అంతే. కీలు ప్రాణమున్నది. మీరు గుజ్జు అంటున్న మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది, కీలు కదిలి ఒత్తిడి పడుతూ వదులుతూ ఉంటేనే ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. కదలకుండా కూర్చుంటే తొడ కండరం చిక్కిపోతుంది, అప్పుడు బరువంతా నేరుగా కీలు మీదే పడుతుంది. నడిస్తే అరుగుతుందని భయపడి మంచానికి అంటుకుపోయినవాళ్లని నా దగ్గర రోజూ చూస్తుంటాను. నడిచేవాళ్లకన్నా వాళ్ల పరిస్థితే అధ్వానం.

ఆస్టియో ఆర్థరైటిస్ వయసు వల్ల మాత్రమే రాదు. పాత గాయం పెద్ద కారణం. ఆటల్లో మోకాలి లోపలి లిగమెంటో మెనిస్కసో తెగినవాళ్లకి పదేళ్లు, ఇరవై ఏళ్ల తర్వాత ఆ మోకాలే మొరాయిస్తుంది, ముప్పైల్లో నలభైల్లో కూడా. బరువు ఇంకో కారణం. అధిక బరువున్న వాళ్ల మీద చేసిన అధ్యయనంలో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గినట్టు తేలింది. అయితే బరువంటే భారం ఒక్కటే కాదు. బరువు మోయని చేతివేళ్లలో కూడా ఊబకాయుల్లో ఈ జబ్బు ఎక్కువే, కొవ్వు కణాలు వాపు పెంచే రసాయనాల్ని వదలడం వల్ల అంటారు. మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. వంశం కూడా ఉంది, వేళ్లలో వచ్చేదానికి మరీ.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, కుర్చీలో కూర్చుని మోకాలు చాచి పట్టి ఉంచడం, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం. కొద్దిగా నొప్పి పరవాలేదు. మర్నాటికి కూడా పెరిగే ఉంటే, వాపొస్తే, ఆ రోజు మోతాదు ఎక్కువైందని లెక్క.

పాత_మోకాలు
మరి ఎక్స్‌రే చూసి "నాలుగో గ్రేడ్, మార్పించుకోవాల్సిందే" అన్నారే?

ఫిజియో_రమ
ఎక్స్‌రేకీ నొప్పికీ అంత లంకె లేదు. ఫిల్ము ఘోరంగా ఉండి హాయిగా మెట్లెక్కేవాళ్లు ఉన్నారు, ఫిల్ము బాగుండి మూలిగేవాళ్లు ఉన్నారు. ఆపరేషన్ ఎప్పుడు అన్నది మీ నిద్ర, మీ నడక, మీ పనులు చెప్పాలి. అన్నీ చేశాక కూడా రాత్రి నిద్ర పట్టకపోతే కీలు మార్పిడి నిజంగా మంచి ఆపరేషనే, దానికి భయపడక్కర్లేదు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ల గురించి ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. కొన్ని వారాలు ఉపశమనం ఉంటుంది. కానీ 2017లో వచ్చిన ఒక ట్రయల్‌లో పన్నెండు వారాలకోసారి చొప్పున రెండేళ్లు మోకాలికి ఇస్తే, ఉప్పునీళ్ల ఇంజెక్షన్ కన్నా నొప్పి తగ్గలేదు సరికదా మృదులాస్థి ఎక్కువ తగ్గింది. పెళ్లికో ప్రయాణానికో ఒకసారి వేరు, అలవాటు చేసుకోవడం వేరు.

సహజ_మార్గం
ఇన్ని మందులెందుకు? నేను వాడే ఒక పొడి ఉంది, ఏ రకం కీళ్ల నొప్పైనా వారంలో మాయం. మా చుట్టాల్లో మంచం పట్టినావిడ లేచి తిరుగుతోంది. వివరాలకు ప్రైవేటుగా మెసేజ్ పెట్టండి.

రుమటో_పీజీ
ఏ రకమైనా వారంలో మాయం చేసే లక్షణం ఒక మందుకి ఉంది, దాని పేరు స్టెరాయిడ్. 1948లో కార్టిసోన్‌ని మొదటిసారి ఒక రుమటాయిడ్ రోగికి ఇచ్చినప్పుడు అచ్చం ఇలాగే జరిగింది, మంచం మీదున్నావిడ రోజుల్లో లేచి నడిచింది. 1950లో దానికి నోబెల్ వచ్చింది. ఆ తర్వాతే అసలు సంగతి బయటపడింది: ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, షుగర్, బీపీ, ఇన్ఫెక్షన్లు. పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం చాలా దేశాల్లో ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకున్నారు. మీ పొడిలో ఏముందో నాకు తెలియదు, మీకూ తెలియదు కదా. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్కసారిగా ఆపకండి, దానివల్ల కూడా ప్రాణం మీదికి రావచ్చు. పొట్లం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మోడరేటర్
ప్రైవేటు అమ్మకాలు ఇక్కడ కుదరవు. ఇంకోసారి పెడితే ఖాతా ఆపేస్తాం. చర్చ కొనసాగించండి.

వంగని_వెన్ను
కీళ్లంటే చేతులు, మోకాళ్లే అనుకుంటారు. నాకు 26 ఏళ్లకే నడుము. "బరువులెత్తావా, సరిగా కూర్చోవా" అని ఏళ్ల తరబడి అదే మాట. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వచ్చేది, లేచి అటూ ఇటూ తిరిగితే తగ్గేది. ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. చివరికి పట్టుకున్నది కంటి డాక్టర్! కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే వెళ్లాను, "నడుం నొప్పి ఉందా" అని ఆవిడే అడిగారు. ఎంఆర్‌ఐలో యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని తేలింది, అంటే వెన్నెముక కీళ్లు వాచే జబ్బు. హెచ్‌ఎల్‌ఏ బి27 అనే జన్యువు పరీక్ష పాజిటివ్.

నలభై ఐదు లోపు మొదలై మూడు నెలలు దాటిన నడుం నొప్పి, పడుకుంటే పెరిగి కదిలితే తగ్గేది అయితే, దయచేసి మంచం మీద విశ్రాంతి తీసుకుని తగ్గించుకోవాలని చూడకండి.

రుమటో_పీజీ
చాలా ముఖ్యమైన పోస్టు ఇది. ఒక్క జాగ్రత్త: బి27 ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు అసలు రాదు. లక్షణాలు లేకుండా ఇంటిల్లిపాదికీ ఆ పరీక్ష చేయించి బెంగ పెట్టుకోవద్దు.

దీనికి దాయాది సోరియాసిస్ అనే చర్మవ్యాధి వల్ల వచ్చే ఆర్థరైటిస్. సోరియాసిస్ ఉన్నవారిలో 30 శాతం వరకు కీళ్లు కూడా పట్టుకోవచ్చు. గోళ్ల మీద సూదితో గుచ్చినట్టు గుంటలు, ఒక వేలు మొత్తం ఉబ్బిపోవడం, మడమ వెనక నొప్పి, ఇవి ఆనవాళ్లు. మచ్చ తలలోనో చెవి వెనకో చిన్నగా ఉండి రోగికే తెలియకపోవచ్చు.

చిన్నూ_అమ్మ
మా బాబుకి ఐదేళ్లు. ఒక మోకాలు నెల పైగా వాచి ఉంది, పొద్దున్న కుంటుతాడు, మధ్యాహ్నానికి పరిగెడతాడు. నొప్పి అనడు. పిల్లలకి ఆర్థరైటిస్ ఉంటుందా? ఎదిగే నొప్పులేనని అంటున్నారు.

రుమటో_పీజీ
ఉంటుందమ్మా. ఎదిగే నొప్పుల్లో కీలు వాయదు, పొద్దున్న కుంటడం ఉండదు. 16 ఏళ్ల లోపు మొదలై ఆరు వారాలు దాటిన కీళ్ల వాపుకి వేరే కారణం కనపడకపోతే జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. పిల్లలు నొప్పి చెప్పరు, ఆట మానేస్తారు, అంతే. పిల్లల డాక్టర్‌తో పాటు కంటి పరీక్ష కూడా చేయించండి. ఈ జబ్బులో కంటి లోపల వాపు ఏ ఎరుపూ నొప్పీ లేకుండా రావచ్చు, చూపు తగ్గేదాకా తెలియదు.

జ్వరం వచ్చి, కీలు వేడెక్కి, కాలు నేల మీద మోపలేకపోతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. అది కీలులో బ్యాక్టీరియా చేరడం కావచ్చు. రోజుల్లోనే కీలు పాడైపోతుంది, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పెద్దలకీ ఇదే వర్తిస్తుంది, ఇప్పటికే రుమటాయిడో గౌటో ఉన్నవాళ్లకి కూడా. "పాత నొప్పేలే" అనుకుని ఆగిపోయేది వాళ్లే ఎక్కువ.

సందేహాల_రావు
వేళ్లు విరుచుకుంటే ఆర్థరైటిస్ వస్తుందని చిన్నప్పుడు చేతి మీద కొట్టేవాళ్లు. అది కూడా తేల్చేయండి.

ఫిజియో_రమ
రాదు. డొనాల్డ్ అంగర్ అనే అమెరికన్ డాక్టర్ అరవై ఏళ్లకు పైగా ఎడమచేతి వేళ్లు మాత్రమే విరుచుకుని, కుడిచేతిని వదిలేసి చూసుకున్నాడు. రెండు చేతులకీ ఆర్థరైటిస్ రాలేదు. 2009లో ఆయనకి, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ ఇచ్చారు. ఒక్క మనిషి మీద చేసింది కాబట్టి గట్టి రుజువు అనలేం గానీ, ఓపికకి మాత్రం దండం పెట్టాలి. వేరే అధ్యయనాల్లో కూడా సంబంధం కనపడలేదు.

లలిత_ఎం
రుమటాలజిస్ట్‌కి చూపించుకున్నాను. ప్రతి కణుపూ నొక్కి చూశారు, అంతకుముందు ఎవరూ నా చేయి పట్టుకుని చూడలేదు. యాంటీ సీసీపీ బాగా ఎక్కువ పాజిటివ్, సీఆర్‌పీ ఎక్కువ, అల్ట్రాసౌండ్‌లో వాపు. రుమటాయిడే. మెథోట్రెక్సేట్ రాశారు, తోడు ఫోలిక్ యాసిడ్. పేరు వెతికితే క్యాన్సర్ మందు అని వస్తోంది. మాత్ర చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. వేసుకోవాలా?

రుమటో_పీజీ
క్యాన్సర్‌కి వాడే మోతాదులో ఇది చాలా చిన్న భాగం. దశాబ్దాలుగా రుమటాయిడ్‌కి మొదటి మందు ఇదే. నొప్పి మాత్ర బాధని కప్పుతుంది, ఇది కీలు కొరుక్కుపోవడాన్ని ఆపుతుంది, అందుకే పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదటి నెలల్లో మొదలుపెట్టినవాళ్లకే ఫలితం బాగుంటుంది.

కానీ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోండి: వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. మీ చీటీ మీద వారం పేరు రాయించుకోండి, ఇంట్లోవాళ్లకీ చెప్పండి. రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు చెప్పిన తేదీలకి చేయించాలి. మద్యం వద్దు. పిల్లల్ని కనాలనే ఆలోచన ఉంటే మొదలుపెట్టకముందే డాక్టర్‌కి చెప్పాలి, గర్భంతో ఉన్నప్పుడు ఇది వాడకూడదు. జ్వరమో, ఆగని దగ్గో, నోటిపూతో వస్తే ఫోన్ చేయండి.

బొటనవేలి_బాధితుడు
నొప్పి మాత్రల గురించి కూడా చెప్పండి సార్. నేను ఎటాక్ వచ్చినప్పుడల్లా షాపులో అడిగి కొనేసేవాణ్ని. కిడ్నీ టెస్ట్ చూసి డాక్టర్ కళ్లెర్రజేశారు.

రుమటో_పీజీ
ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండ్లు చేస్తాయి, బీపీ పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి, గుండెజబ్బు ఉన్నవాళ్లకి ముప్పు పెంచుతాయి. అవసరమైనన్ని రోజులు, అవసరమైనంత మోతాదు, అది కూడా డాక్టర్‌కి తెలిసి. మోకాలికి మాత్ర బదులు పైపూత జెల్ చాలాసార్లు సరిపోతుంది, పాత_మోకాలు గారు ఒకసారి అడిగి చూడండి.

పాత_మోకాలు
జెల్ వాడుతున్నా, కుర్చీ వ్యాయామం కూడా మొదలెట్టా. రమ గారూ, మర్నాడు వాపు రాలేదు.

లలిత_ఎం
మొదటి మాత్ర వేసుకున్నాను. ఆదివారం అని క్యాలెండర్ మీద రాసి పెట్టాను. చివరి ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. అమ్మమ్మది, నాది, రెండూ దానికి వస్తాయా?

రుమటో_పీజీ
రెండూ వేర్వేరు దారులు. అమ్మమ్మగారి మోకాళ్లకీ మీ రుమటాయిడ్‌కీ సంబంధం లేదు. మీది వచ్చే అవకాశం మామూలు జనంకన్నా పాపకి కొంచెం ఎక్కువ, అంతే. ఒకే పోలిక కవలల్లో ఒకరికి రుమటాయిడ్ ఉంటే రెండోవారికి వచ్చేది 15 శాతం సందర్భాల్లోనే. జన్యువులన్నీ ఒకటే అయినా అంత తక్కువంటే, మిగతాది బయటి నుంచి కలవాలన్నమాట. వాటిలో మనకు బాగా తెలిసినది, మన చేతిలో ఉన్నది పొగతాగడం. అది ఈ జబ్బు ముప్పును పెంచుతుంది, మందుల ప్రభావాన్నీ తగ్గిస్తుంది. పాపకి ఇప్పుడు ఏ పరీక్షా అక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే, ఆ సంగతి చూడండి.